దురద తగ్గుతుంది... తామర ముదురుతుంది!

పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ట్యూబు మందులతో తంటా

మార్కాపురం: పొద్దుగూకే వేళ పల్లె బస్సులు కదలబోయే ముందు మార్కాపురం, కంభం, గిద్దలూరు బస్టాండ్ల దగ్గర మందుల షాపుల్లో రద్దీ ఎక్కువ. జ్వరం బిళ్లలు, ఒళ్లునొప్పుల బిళ్లలతో పాటు అక్కడ తరచూ వినబడే మాట ఇంకొకటి ఉంది. "అన్నా, తామరకు ట్యూబియ్యి. మొన్న ఇచ్చినావే, అదే. రెండు రోజులకే కట్టేసింది." షాపతను అరలోంచి ట్యూబు తీసి ఇస్తాడు. డాక్టరు చీటీ ఉండదు. మచ్చ ఎక్కడుంది, ఎన్నాళ్లుగా ఉంది అని అడిగే తీరిక ఆయనకు ఉండదు. పదిమందిలో పంచె పైకెత్తి చూపే ధైర్యం ఈయనకు ఉండదు. బస్సు హారన్ మోగుతుంది. బేరం ముగుస్తుంది.

"రెండు రోజులకే కట్టేసింది" అన్న ఆ ఒక్క మాటలోనే చిక్కంతా ఉంది. అంత త్వరగా కట్టేసిన మందే అయితే నెల తిరక్కుండా మళ్లీ అదే ట్యూబు కోసం ఎందుకు రావలసి వచ్చింది? నిజమైన తామర మందు ఏదీ రెండు రోజుల్లో తామరను పోగొట్టదు. రెండు రోజుల్లో పోయేది దురద మాత్రమే. దురదను అంత వేగంగా అణిచేది ఆ ట్యూబులో కలిసి ఉన్న స్టెరాయిడు. పైన దురద అణుగుతుంటే కింద తామర నిశ్చింతగా పాకుతుంది. ఈ సంగతి తెలియక పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఎందరో ఏళ్ల తరబడి డబ్బు పోసి తామరను పెంచుకుంటున్నారు.

చెప్పుకోలేని జబ్బు

తామర ప్రాణం తీసే జబ్బు కాదు. అందువల్లనే దానిని ఎవరూ లెక్కచేయరు. కానీ వచ్చినవాళ్లకు తెలుస్తుంది దాని బాధ. రాత్రి నిద్ర ఉండదు. పగలు పలకల గనిలో అయినా, మిరపచేలో అయినా చెమట పట్టిన కొద్దీ గజ్జల్లో మంట పుడుతుంది. నలుగురిలో గోక్కోలేరు, గోక్కోకుండా ఉండలేరు. పెళ్లికెదిగిన పిల్లకు మెడ మీద మచ్చ లేస్తే తల్లి ఆ పిల్లను పేరంటానికి కూడా పంపదు. మగవాడు భార్యకు సైతం చెప్పడు. చెప్పేసరికి ఆమెకూ అంటుకుని ఉంటుంది.

ఇంతకూ తామర అంటే పురుగు కాదు, రక్తం చెడడమూ కాదు. అది ఒక రకం బూజు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే పైన బూజు పట్టడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. అటువంటి జాతిదే ఇది కూడా. మన చర్మం పైపొరలోనూ, గోళ్లలోనూ, వెంట్రుకల్లోనూ కెరటిన్ అనే పదార్థం ఉంటుంది. ఈ బూజు దానిని తిని బతుకుతుంది. ఒకచోట పట్టి చుట్టూ వలయంగా పాకుతూ పోతుంది. నడుమ మానినట్టు కనిపిస్తుంది, అంచున ఎర్రగా పొక్కులు, పొట్టు ఉంటాయి. ఆ గుండ్రని అంచే తామరకు గుర్తు. చెరువులో పూసే తామరకూ ఒంటి మీద లేచే తామరకూ పేరు ఒకటే కావడం విచిత్రం. అక్కడా ఇక్కడా తడి ఉంటేనే అది బతుకుతుంది.

ఆ తడి మన ప్రాంతంలో చెమట రూపంలో దొరుకుతుంది. ఇక్కడ ఎండాకాలంలో వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. గనుల్లో, ఇటుక బట్టీల్లో, పొగాకు బ్యారన్ల దగ్గర, పొలాల్లో పనిచేసేవారు పొద్దున కట్టిన గుడ్డ చెమటకు తడిసి, ఆరి, మళ్లీ తడిసి సాయంత్రం దాకా ఒంటి మీదే ఉంటుంది. పైగా నూలు పంచెలు, నూలు లుంగీలు పోయి చెమట పీల్చని నైలాన్ గుడ్డలు, ఒంటికి అంటుకుపోయే జీన్సు పాంట్లు వచ్చాయి. దీనికి తోడు నీళ్ల కొరత. ఎండలు ముదిరి బోర్లు ఎండి ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే ఊళ్లలో రోజూ రెండుసార్లు స్నానం చేయండి, బట్టలు వేడినీళ్లలో ఉడకబెట్టండి అని చెప్పడం సులువు. చేయడం ఎంత కష్టమో ఆ ఇల్లాళ్లనే అడగాలి.

ఇంకో సంగతి ఎవరూ గమనించరు. అదే మొలతాడు. నడుముకు చుట్టిన నల్లదారం ఏళ్ల తరబడి మార్చరు. చెమటకు తడిసి, దుమ్ము పట్టి, సరిగా ఆరక ఆ దారమే బూజుకు నెలవవుతుంది. మందు పూసి మచ్చ మానినా మొలతాడు కింద నుంచి మళ్లీ మొలకెత్తుతుంది. ఆడవాళ్లకు లంగా బొందు బిగించే చోట ఇదే తంతు. తామర మొలతాడు వెంట నడుము చుట్టూ పట్టీలాగా పాకడం చర్మవైద్యులు తరచుగా చూసేదే.

తగిరిసాకు నుంచి ట్యూబు దాకా

పూర్వం ఇక్కడ తామరకు మందు అడవిలోనే, రోడ్డు పక్కనే దొరికేది. వానలు పడగానే బీళ్లలో విరివిగా లేచే తగిరిస మొక్క ఆకు నూరి పూసేవారు. సంస్కృతంలో దీనిని దద్రుఘ్నం అని కూడా అంటారు. తామరను చంపేది అని ఆ పేరుకు అర్థం. దాని దగ్గరి చుట్టమైన సీమ అవిసెను కొన్నిచోట్ల ఏకంగా మెట్ట తామర అనే పిలుస్తారు. ఈ మొక్కల్లో బూజును అణిచే గుణం కొంత ఉందని పరిశోధనల్లోనూ తేలింది. అయితే ఆకులో ఆ సారం ఎంత ఉంటుందో, ఎన్నాళ్లు పూయాలో లెక్క లేదు కనుక దానినే నమ్ముకోవడానికి వీలులేదు. ఆకుపసరు వల్ల పెద్ద హాని లేదు. జీడిగింజ రసం, వెల్లుల్లి ముద్ద, కిరసనాయిలు పూసేవారికి మాత్రం హాని జరుగుతుంది. ఇవి చర్మాన్ని కాలుస్తాయి. తామర పోయిందనుకున్న చోట పుండు మిగులుతుంది.

తరువాత బజారు మందులు వచ్చాయి. బీటెక్స్ మలాము, జాలిం లోషన్ పేర్లు పెద్దవాళ్లు ఇంకా మరవలేదు. జాలిం అంటే ఉర్దూలో క్రూరుడు అని అర్థం. పూసినవాడు ఒంటికాలి మీద గంతులేసేవాడు కనుక పేరు తగినట్టే ఉందని అనుకునేవారు. మండితేనే మందు పనిచేసినట్టు అన్న నమ్మకం ఆనాటిదే. దానికిప్పుడు కాలం చెల్లింది. ఇప్పటి నమ్మకం చల్లగా ఉంటేనే మందు అని. రెండూ తప్పే.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ రోజుల్లో డబ్బాలోంచి కాగితం మీద తీసి ఇచ్చిన మలాము విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంటు. 1900ల తొలినాళ్లలో లండన్ చర్మవైద్యుడు ఆర్థర్ విట్‌ఫీల్డ్ దీనిని తయారుచేశాడు. బెంజాయిక్ ఆమ్లం 6 పాళ్లు, సాలిసిలిక్ ఆమ్లం 3 పాళ్లు నూటికి కలుపుతారు. ఒకటి బూజును ఆపుతుంది, రెండోది చచ్చిన చర్మాన్ని పొట్టులా రాలుస్తుంది. కొంచెం మంట, జిడ్డు. కానీ చవక. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఈ పాతకాలపు మలాముకు చాలాకాలం చోటుండేది. 1970లలో క్లోట్రిమజోల్, ఆ తరువాత మైకోనజోల్, టెర్బినఫిన్ వంటి పూతలు వాడుకలోకి వచ్చాయి. ఇవి మంట లేకుండా బూజును తిన్నగా దెబ్బతీస్తాయి. సరిగా వాడితే ఒంటి మీద కొద్దిపాటి తామరకు ఇవి చాలు.

కలగాపులగం ట్యూబు

గొడవంతా ఆ తరువాత మొదలైంది. తామర మందు, చీము మందు, స్టెరాయిడు మూడూ నాలుగూ కలిపి ఒకే ట్యూబులో నింపి అమ్మడం మన దేశంలో విపరీతంగా సాగింది. దురద ఏదైనా సరే, ఒకే ట్యూబు. తామరా, గజ్జా, ఎగ్జిమానా అని తేల్చుకునే పని ఎవరికీ లేదు. ఆర్.ఎం.పి.లకు సులువు, షాపులకు సులువు, కొనేవారికి సులువు.

స్టెరాయిడు చెడ్డ మందు కాదు. ఆ మాట ముందు చెప్పుకోవాలి. మన మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు తయారుచేసే రసాయనాన్ని పోలిన మందు ఇది. 1952లో అమెరికాలో సుల్జ్‌బెర్గర్, విట్టెన్ అనే ఇద్దరు చర్మవైద్యులు హైడ్రోకార్టిసోన్‌ను పూతగా వాడి ఎగ్జిమా వంటి జబ్బుల్లో దాని గుణం చూపించారు. అక్కడి నుంచి చర్మవైద్యమే మారిపోయింది. ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం వాడితే ఇది మంచి మందే. తామరకు వాడడం వేరు.

ఒంట్లోకి బూజు వస్తే ఒళ్లు ఊరుకోదు. దానితో పోరాడుతుంది. ఎర్రబారడం, దురద ఆ పోరాటానికి గుర్తులు. స్టెరాయిడు చేసే పని ఆ పోరాటాన్ని ఆపడం. పంట కాపలాకు కట్టిన కుక్క రాత్రంతా మొరుగుతోందని దాని నోరు కట్టేస్తే ఇంటాయనకు నిద్ర బాగానే పడుతుంది, అడవిపందులకూ చేను బాగానే దొరుకుతుంది. ఇదీ అంతే. ట్యూబు పూసినన్నాళ్లు ఎరుపు ఉండదు, దురద ఉండదు. ఆపిన నాలుగు రోజులకు రెండింతలు దురద, మూడింతలు మచ్చ. భయపడి మళ్లీ అదే ట్యూబు. గుండ్రని అంచు చెరిగిపోయి, వలయంలో వలయం లేచి చివరకు డాక్టరు చూసినా ఒక పట్టాన తామర అని గుర్తుపట్టలేని స్థితి వస్తుంది. వైద్యులు దీనికి మారువేషం తామర అన్న అర్థంలో లాటిన్ పేరొకటి పెట్టారు.

ఈ ట్యూబుల్లో ఎక్కువగా కనిపించే స్టెరాయిడు క్లోబెటసాల్. హైడ్రోకార్టిసోన్ కంటే ఇది వందల రెట్లు బలమైనది. అటువంటిదాన్ని గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, అంటే చర్మం పలచగా ఉండి మందును ఎక్కువ పీల్చే చోట్ల నెలల తరబడి పూస్తున్నారు. అక్కడి చర్మం ఉల్లిపొరలాగా పలచబడుతుంది. లోపలి నరాలు బయటకు కనిపిస్తాయి. తొడల మీద, చంకల్లో బాలింత పొట్ట మీద ఉండేటటువంటి చారలు పడతాయి. తామర మానినా ఆ చారలు మానవు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి పడిన చార అరవై ఏళ్లకూ ఉంటుంది. ముఖానికి పూస్తే మొటిమలు, ఎరుపు, ఎండకు మంట, ఆడపిల్లలకు నూగు పెరగడం. పసిపిల్లలకు ఎక్కువ చోట్ల పూస్తే మందు ఒంట్లోకి ఇంకి ఎదుగుదలే దెబ్బతినవచ్చు. నల్లగా ఉన్న పిల్లను తెల్లబరుస్తుందని ఈ ట్యూబులనే ముఖానికి రాయడం మరో అనర్థం. దాని సంగతి వేరే రాయాల్సినంత ఉంది.

ఒక ఇంటి లెక్క

రాచర్ల మండలమైనా, అర్ధవీడు మండలమైనా, దోర్నాల అడవి అంచు ఊరైనా కథ ఒకే తీరుగా నడుస్తుంది. అయిదుగురున్న ఒక కూలి ఇల్లు అనుకుందాం. మొదట ఇంటాయనకు గజ్జల్లో లేస్తుంది. బేల్దారి పనికి హైదరాబాదో బెంగుళూరో పోయి గదిలో పదిమందితో పడుకుని, ఒకే తాడు మీద బట్టలు ఆరేసుకుని తెచ్చుకున్నదే కావచ్చు. ట్యూబు కొంటాడు. దురద ఆగుతుంది. పని ఆగదు కనుక అదే పదివేలు అనుకుంటాడు. రెండో నెల ఇల్లాలికి, మూడో నెల పిల్లలకు. ఇంట్లో అందరికీ ఒకటే తువ్వాలు, ఒకటే దుప్పటి. ట్యూబు కూడా ఒకటే! ఎవరికి దురద లేస్తే వాళ్లు కాస్త పిండుకుంటారు. ఒకరికి తగ్గేసరికి ఇంకొకరికి లేస్తుంది.

ఆపైన ఆర్.ఎం.పి. దగ్గర సూది. ఆ సూదిలోనూ స్టెరాయిడే ఉన్న సందర్భాలు తక్కువేమీ కాదు. వారం హాయి. మళ్లీ మొదలు. అప్పుడు పథ్యం మొదలవుతుంది. వంకాయ మానండి, గోంగూర మానండి, ఎండుచేప మానండి. తామరకు తిండితో సంబంధం లేదు. దొరికే నాలుగు కూరల్లో మూడు మానేసి పచ్చిపులుసుతో తినే ఇల్లాలికి నీరసం వస్తుంది తప్ప తామర పోదు. రక్తశుద్ధి టానిక్కుల సంగతీ అంతే.

ఇలా ఏడాదిలో ట్యూబులకూ, సూదులకూ, టానిక్కులకూ పోసిన డబ్బు కూడితే, కూలి పోగొట్టుకుని ఒంగోలు పోయి డాక్టరుకు చూపించుకున్నా అంతకంటే తక్కువే అయ్యేది. కానీ ఒక్కసారిగా పోయే రోజు కూలి కనిపిస్తుంది. కొంచెం కొంచెంగా పోయే ట్యూబు డబ్బు కనిపించదు.

షాపుల వారి వైపు నుంచి కూడా ఒక మాట వినాలి. స్టెరాయిడు లేని ఉత్త తామర మందు ఇచ్చి నాలుగు వారాలు పూయాలని చెబితే మూడో రోజుకే వచ్చి "నీ మందు పనిచేయలే" అని పోట్లాడేవారు ఉంటారు. ఇవ్వనంటే పక్క షాపులో దొరుకుతుంది. ఇది కొంత నిజమే. అయినా తెలిసి తప్పుడు మందు చేతిలో పెట్టడానికి అది సాకు కాజాలదు.

చట్టం ఉంది, కానీ...

నిజానికి ఈ ట్యూబులు చీటీ లేకుండా అమ్మరాదు. మందుల నిబంధనల్లో షెడ్యూలు హెచ్ అనే జాబితా ఉంది. అందులోని మందులు డాక్టరు చీటీ మీదనే అమ్మాలి. కానీ పైపూత మందులకు ఆ నిబంధన నుంచి చాలాకాలం మినహాయింపు ఉండేది. ఆ సందులోనే స్టెరాయిడు ట్యూబులు దేశమంతా పాకాయి. దేశంలోని చర్మవైద్యుల సంఘం దీనిపై ప్రత్యేక బృందాన్ని ఏర్పాటుచేసి ఏళ్ల తరబడి పోరాడింది. ఆ పోరాటంలో ముందు నిలిచినవారిలో హైదరాబాదు వైద్యురాలు డాక్టర్ రాజేత దామిశెట్టి ఒకరు. ఫలితంగా 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడు పూతలను చీటీ మందుల్లో చేర్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అర్థంలేని కలగలుపు మందులు 328 రకాలను నిషేధించింది. స్టెరాయిడు కలిపిన పూతలు కొన్ని అందులో ఉన్నాయి.

కాగితం మీద అంతా బాగానే ఉంది. కౌంటరు దగ్గర మాత్రం "మొన్న ఇచ్చినావే, అదే" అంటే నేటికీ పని జరిగిపోతోంది. ఒక కలగలుపు పోతే కొంచెం మార్చిన ఇంకో కలగలుపు వస్తోంది.

ఇప్పుడు దీనికి తోడు మరో ముప్పు. ఇదివరకు సులువుగా లొంగిన తామర ఇప్పుడు మొండికేస్తోంది. గత పది పదిహేనేళ్లలో దేశమంతటా మామూలు మోతాదు మందుకు తగ్గని తామర పెరిగింది. టెర్బినఫిన్‌కు లొంగని బూజు రకం ఒకదానికి 2020లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులోనే ఇండియా ఉంది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే. ఇది ఇక్కడితో ఆగలేదు. 2023లో న్యూయార్కులో ఇద్దరు ఆడవాళ్లకు ఇదే సోకినట్టు అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ ప్రకటించింది. స్టెరాయిడు కలిసిన ట్యూబులు, అర్ధంతరంగా ఆపే మందులు ఈ మొండి బూజుకు దారి ఇచ్చాయని చర్మవైద్యులు పలువురి అభిప్రాయం.

ఏ ట్యూబు అడగాలి?

ఒంటి మీద ఒకటి రెండు చోట్ల, అరచేయంత లోపు, కొత్తగా లేచిన తామర అయితే షాపులో అడగవలసింది క్లోట్రిమజోల్ 1 శాతం, లేదా మైకోనజోల్ 2 శాతం, లేదా టెర్బినఫిన్ 1 శాతం క్రీము. ఏదో ఒకటి, అదొక్కటే ఉన్నది. "వేరే ఏమీ కలపని ట్యూబు ఇయ్యి" అని నోరు తెరిచి అడగాలి. జనౌషధి దుకాణాల్లో క్లోట్రిమజోల్ చవకగా దొరుకుతుంది.

ఇక్కడ పేర్లతో ఒక తిరకాసు ఉంది. క్లోట్రిమజోల్ తామర మందు. క్లోబెటసాల్ స్టెరాయిడు. రెండూ 'క్లో' తోనే మొదలవుతాయి. చాలా ట్యూబుల మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి కూడా. కనుక డబ్బా మీద పెద్ద అక్షరాల కంపెనీ పేరు కాదు, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చూడాలి. 'సోన్' అని ముగిసేవి, అంటే బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ వంటివి, క్లోబెటసాల్‌తో సహా, అన్నీ స్టెరాయిడులే. నిలువుగా ఎర్రగీత ఉంటే అది చీటీ మందు. ఆ అక్షరాలు చదవడం రాకపోతే ఇంట్లో హైస్కూలు చదివే పిల్లో పిల్లవాడో చదివి చెప్పగలరు.

పూసే పద్ధతి కూడా ఉంది. మచ్చను కడిగి, బాగా తుడిచి, పూర్తిగా ఆరాక పూయాలి. అసలు మచ్చ మీదే కాదు, అంచు దాటి చుట్టూ బొటనవేలి వెడల్పు వరకు పూయాలి. బూజు కంటికి కనిపించే గీత దాటి ముందే పాకి ఉంటుంది గనక. చూపుడువేలి చివరి కణుపు పొడవున ట్యూబు పిండితే ఆ మందు రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. క్లోట్రిమజోల్ అయితే ఉదయం, రాత్రి. మచ్చ కనబడకుండా పోయాక కూడా మరో రెండు వారాలు. చాలామంది తప్పేది ఇక్కడే. దురద పోగానే ట్యూబు గూట్లో పెట్టేస్తారు. పైన గడ్డి కోసి వేరు వదిలేసినట్టు అవుతుంది. గరిక సంగతి రైతుకు చెప్పాలా?

ఇంట్లో తామర ఉన్న వారందరికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టాలి. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. మొలతాడు తీసేయడం మంచిది. ఆచారం కుదరదంటే పాతది తెంపి మానేవరకైనా లేకుండా ఉండి, ఆపైన కొత్తది కట్టుకోవచ్చు. నీళ్లు లేనిచోట బట్టలన్నీ ఉడకబెట్టనక్కరలేదు. లోపలి బట్టలు, తువ్వాలు, లంగాలు ఈ మూడింటికీ ఒక బకెట్టు మరిగే నీళ్లు చాలు. తరువాత తిరగేసి, అంటే లోపలి వైపు పైకి వచ్చేలా ఎండలో వేయాలి. నీళ్లకు కరువు గాని మార్కాపురం, గిద్దలూరు తాలూకాల్లో ఎండకు కరువెప్పుడూ లేదు. తడి ఆరని గుడ్డ మాత్రం కట్టుకోరాదు. బట్టల్లో రాలిన పొట్టులో ఈ బూజు నెలల తరబడి బతికి ఉండగలదు.

గేదె దూడలకు, మేకపిల్లలకు ముఖం మీద వెంట్రుక ఊడి గుండ్రంగా తెల్లపొట్టు లేస్తే అది కూడా తామర కావచ్చు. పాలు పితికేవారికి, దూడను ఎత్తుకునే పిల్లలకు దాని నుంచి అంటుకుంటుంది. పశువైద్యుడికి చూపించాలి.

ట్యూబుతో పోనివి

పిల్లల తలలో వచ్చే తామరకు, గోళ్లకు పట్టిన తామరకు పైపూత పనిచేయదు. మాత్రలు కావాలి. తలలో జుట్టు ఊడిన చోట పొట్టు, పొక్కులు ఉంటే తామర అని అనుమానించాలి. నున్నగా, పొట్టు లేకుండా రూపాయి బిళ్లంత ఊడితే అది పేనుకొరుకుడు, వేరే జబ్బు. తామర మాత్రలు కాలేయం మీద పనిచేసే రకం కనుక డాక్టరు చెప్పకుండా మింగరాదు. గర్భిణులు అసలే మింగరాదు.

ఇంటిల్లిపాదికీ రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో చిన్న పొక్కులు అయితే అది గజ్జి. దానికి వేరే మందు ఉంది. ఛాతీ మీద, వీపు మీద పొడలు పొడలుగా పాలిపోయి దురద అంతగా లేకపోతే శోభి. అన్నింటికంటే జాగ్రత్త పడవలసింది దురద లేని మచ్చతో. పాలిపోయిన లేదా ఎర్రని మచ్చ మీద స్పర్శ తెలియకపోతే, చీమ పాకినా తెలియకపోతే ట్యూబుల జోలికి పోకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. కుష్ఠు కావచ్చు. తొలిదశలో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఆలస్యమైతే వేళ్లు వంకర పోతాయి.

రెండు మూడు చోట్ల మించి పాకినా, నాలుగు వారాల మందుకు తగ్గకపోయినా, మధుమేహం ఉన్నా, ముఖం మీద వచ్చినా డాక్టరుకు చూపించడమే మార్గం. నెలల తరబడి స్టెరాయిడు ట్యూబు వాడినవారు సైతం అంతే. వాళ్లు ట్యూబు ఆపగానే దురద విజృంభిస్తుంది. అది కొత్త మందు వికటించడం కాదు, పాత మందు దాచిన జబ్బు బయటపడడం. ఆ పది రోజులు తట్టుకోవడానికి డాక్టరు సాయం కావాలి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మార్కాపురం, గిద్దలూరు ప్రభుత్వాసుపత్రుల్లో ముందు చూపించుకోవచ్చు. అక్కడ లొంగకపోతే ఒంగోలు సర్వజన ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. గిద్దలూరు, కొమరోలు వైపు వారికి నల్లమల కనుమ దాటితే నంద్యాల దగ్గర.

వెళ్లేటప్పుడు అప్పటిదాకా పూసిన ట్యూబులు, ఖాళీవైనా సరే, వాటి డబ్బాలతో సహా సంచిలో వేసుకు వెళ్లాలి. "ఏదో తెల్ల ట్యూబు సార్" అంటే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. ఆ ట్యూబు చూస్తే ఏ మందు ఎంత బలంది పూశారో తెలుస్తుంది. ఎన్ని ట్యూబులు పూశారో కూడా తెలుస్తుంది.